అచ్చు అక్షరం ఎవరి ఆస్తి?

తెలుగు అచ్చు అక్షరాల రూపాన్ని గురించి మన విమర్శకులు రాసింది బహు తక్కువ. వస్తువును గురించీ, శిల్పాన్ని గురించీ, భాషను గురించీ మనం దశాబ్దాల తరబడి వాదించుకున్నాం. గ్రాంథికమా, వ్యావహారికమా అనే వివాదంలో రెండు తరాల పండితులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. కాని ఆ గ్రాంథికమైనా, ఆ వ్యావహారికమైనా ఏ అక్షరాల్లో పాఠకుని కంటి ముందుకు వస్తున్నది, ఆ అక్షరాలను ఎవరు చెక్కారు, ఎవరు పోతపోశారు, ఎవరు ఎంపిక చేశారు, ఎవరిని దృష్టిలో పెట్టుకొని ఎంపిక చేశారు అనే ప్రశ్నలను మాత్రం అచ్చాఫీసుల వాళ్ళకు వదిలిపెట్టాం. ‘అది సాంకేతిక విషయం, సాహిత్యకారులకెందుకు?’ అనుకున్నాం. నేనూ అట్లా అనుకున్నవాణ్ణే. నా అభిప్రాయం మారడానికి కారణమైన ఒక చిన్న సంగతితో ఈ వ్యాసాన్ని మొదలుపెడతాను.

కొంతకాలం క్రితం నేనూ, మా కళాశాల విద్యార్థులు కొందరూ కలిసి వేరుశనగ పంట బీమాను గురించి పదహారు పేజీల చిన్న పుస్తకం ఒకటి తయారుచేశాం. విషయ సేకరణకు నెల పట్టింది. వాక్యాలను సులభం చేయడానికి మరో నెల పట్టింది. అక్షరాల ఎంపిక మాత్రం నేనొక్కణ్ణే అరగంటలో ముగించాను. కంప్యూటరులో ఉన్న ఖతులన్నీ వరసగా చూసి, సన్నగీత, లావుగీత వయ్యారంగా కలిసిపోయే ఒక అందమైన రూపాన్ని ఎంచుకున్నాను. కాగితం కలిసి వస్తుందని అక్షరం పరిమాణం తగ్గించాను, పంక్తులను దగ్గరకు జరిపాను. పుస్తకం ముచ్చటగా వచ్చింది. కల్యాణదుర్గం వైపు ఒక పల్లెలో రచ్చకట్ట మీద కూర్చున్న ఒక పెద్ద రైతు చేతికి ఇచ్చాను. వయోజన విద్యా కేంద్రంలో చదువు నేర్చుకున్న మనిషి. బడిగోడ మీది నినాదాలను గడగడ చదవగలడు. ఆయన పుస్తకాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు, వెలుతురు వైపు తిప్పాడు. చివరకు నా చేతికే తిరిగి ఇచ్చేశాడు.

“సార్, ఇది పెండ్లిపత్రిక మాదిరుంది. చూసేకి బాగుంది. చదివేకి రాదు” అన్నాడు.

రెండు నెలల శ్రమను అరగంట నిర్లక్ష్యం వృథా చేసింది. వాక్యం ప్రజలదైతే చాలదనీ, ఆ వాక్యం తొడుక్కున్న అక్షరం కూడా ప్రజలదై ఉండాలనీ ఆ రైతు నాకు నేర్పాడు. ఆ పాఠం నన్ను చరిత్ర వైపు నడిపించింది.

1

మన అనంతపురం పీఠభూమి రాళ్ళదేశం. ఇక్కడ అక్షరం మొదట రాతిమీదనే పుట్టింది. గుత్తి నుండి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి బండలున్నాయి. వాటి మీద క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు 1929లో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుని కంటబడ్డాయి. బ్రాహ్మీ లిపి. నిలువు గీతలు, అడ్డగీతలు, వృత్తాలు. ఆ శాసనాల్లో ఒకచోట కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికీ, కొన్ని కుడి నుండి ఎడమకూ నడుస్తాయి. మడక తోలే ఎద్దులు చాలు చివర మళ్ళుకున్నట్టుగా ఆ రాత మళ్ళుకుంటుంది. రాజాజ్ఞ పాటలీపుత్రం నుండి వచ్చింది గాని, ఎండలో బండమీద కూర్చొని ఉలి పట్టినవాడు శ్రామికుడే. ఏ వైపు నుండి మొదలుపెట్టాలో నిర్ణయించిన చెయ్యి కూడా ఆ శ్రామికునిదే కావచ్చు.

ఆ కోణాల లిపి ఇప్పటి గుండ్రని తెలుగుగా ఎట్లా మారింది? తాటాకు మీద ఘంటంతో రాసేటప్పుడు నిటారుగా గీత లాగితే ఆకు ఈనె వెంబడి చీలుతుంది. అందువల్ల గీతలు వంపు తిరిగాయని లిపి చరిత్రకారులు చెబుతారు. అంటే మన అక్షరం గుండ్రదనం కేవలం సౌందర్య దృష్టి ఇచ్చిన వరం కాదు, రాత పరికరానికీ, రాసే వస్తువుకూ మధ్య జరిగిన రాజీ. ఉత్పత్తి సాధనం మారినప్పుడల్లా అక్షరరూపం మారుతుందనే సూత్రానికి ఇంతకంటె మంచి ఉదాహరణ మరొకటి అక్కరలేదు.

ఇంకొక విషయం. తెలుగు, కన్నడ అక్షరాలు చాలా కాలం ఒకే లిపి. ఈనాటికీ మడకశిర, రాయదుర్గం ప్రాంతాల పల్లెల్లో రెండు భాషలూ మాట్లాడేవాళ్ళకు రెండు లిపులూ పరాయివిగా కనిపించవు. తెలుగు తలకట్టు టిక్కుపెట్టినట్టు పైకి లేస్తుంది, కన్నడపు తలకట్టు అడ్డంగా పరుచుకుంటుంది. ఇటువంటి తేడాలు చేతిరాతలో సర్దుకుపోయేవే. పందొమ్మిదవ శతాబ్దంలో సీసపు అక్షరాలు పోతపోసినప్పుడు అవి గట్టిపడి, రెండు లిపుల మధ్య గట్టుగా నిలిచాయి. రాత నదివంటిది, పోత ఆనకట్టవంటిది.

2

1800లో నిజాము దత్తం చేసిన మండలాలకు మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి, అనంతపురం నుండే పాలన సాగించాడు. రైత్వారీ పద్ధతిలో ప్రతి రైతుకూ ప్రభుత్వంతో కాగితం సంబంధం ఏర్పడింది. కాని ఆ కాగితం రాసేది ఎవరు? గ్రామ కరణం. రాసేది ఏ అక్షరాలతో? గొలుసుకట్టు రాతతో. అక్షరానికి అక్షరం సంకెల వేసినట్టు, కలం ఎత్తకుండా రాసే ఆ రాతను చదవడం అందరికీ సాధ్యం కాదు. బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్న రైతు కూడా తన పొలం లెక్కను తాను చదువుకోలేడు. భూమి రైతుది, భూమిని గురించిన అక్షరం కరణానిది. పల్లెలో కరణం అధికారానికి ఉద్యోగం ఎంత ఆధారమో, ఆ రాత కూడా అంత ఆధారమని నా అభిప్రాయం.

ఈ సందర్భంలో ఎ.డి. కాంబెల్‌ను గుర్తు చేసుకోవాలి. 1816లో మద్రాసు సెయింట్ జార్జి కోట కళాశాల ముద్రణాలయం నుండి వెలువడిన తెలుగు వ్యాకరణానికి కర్త ఆయనే. తెలుగు మొదలైన దక్షిణ భాషలు సంస్కృతం నుండి పుట్టినవి కావని ఎల్లిస్ నిరూపించిన ప్రసిద్ధమైన పీఠిక ఆ గ్రంథంలోనిదే. తెలుగు అచ్చుకు తొలి దశలో తోడ్పడిన ఆ కాంబెలే తరువాత బళ్ళారి జిల్లా కలెక్టరయ్యాడు. అనంతపురం అప్పటికి బళ్ళారి జిల్లాలో భాగం, 1882లో గాని విడి జిల్లా కాలేదు. మన్రో గవర్నరుగా ఆదేశించిన విద్యా పరిశీలనలో భాగంగా 1823 ఆగస్టులో కాంబెల్ ఒక నివేదిక పంపాడు. అందులోని లెక్కలు చూడండి. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. బడులు 533. చదివే పిల్లలు 6,641 మంది. అందులో ఆడపిల్లలు అరవై మంది మాత్రమే!

ఆ బడుల్లో పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. అచ్చుపుస్తకం లేదు. ఉన్న గ్రంథాలు చేతిరాత ప్రతులు, వాటినిండా తప్పులు. పద్యాలు కంఠతా వచ్చేవిగాని వాటి అర్థం తెలిసేది కాదు. బడులు క్షీణించడానికి కారణం దేశం బీదపడటమేననీ, ఐరోపా మిల్లుబట్ట వచ్చి ఇక్కడి చేతివృత్తులవాళ్ళ బ్రతుకుతెరువు దెబ్బతిన్నదనీ ఆ ఆంగ్లేయ అధికారే ఒప్పుకున్నాడు. వలస పాలన ఒక చేత్తో తెలుగుకు అచ్చు అక్షరాన్ని ఇచ్చింది, మరొక చేత్తో ఆ అక్షరాన్ని చదవగలిగిన పిల్లవాణ్ణి బడి మాన్పించింది. ఈ వైరుధ్యాన్ని విస్మరించి ‘దొరలు మనకు అచ్చు తెచ్చారు’ అని పొగడటం సగం చరిత్ర మాత్రమే అవుతుంది.

3

అచ్చును తెచ్చినవారి పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలే పట్టణంలో 1746, 1747లలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. బెంగాలులోని శ్రీరాంపురంలో విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణం ప్రకటించాడు. సి.పి. బ్రౌన్ కడప, మచిలీపట్నం, రాజమండ్రులలో ఉద్యోగం చేస్తూ తాళపత్రాలు సేకరించి, పండితులచేత శుద్ధప్రతులు రాయించి, 1829లో వేమన పద్యాలను, 1852లో నిఘంటువును వెలువరించాడు. కదిరి దగ్గర కటారుపల్లెలో సమాధి అయిన వేమన్న ఊరూరా నోటిమాటగా బ్రతికినవాడు. అచ్చులో అందరికీ అందేవాడు అయింది ఈ విధంగానే.

అయితే అక్షరాన్ని స్వయంగా చెక్కినవారు ఎవరు? ఒక సీసపు అక్షరం తయారుకావాలంటే మొదట ఉక్కుకడ్డీ కొనమీద అక్షరాన్ని తలకిందుగా, అద్దంలో బింబం మాదిరిగా ఆకురాయితో చెక్కాలి. ఆ ఉక్కు ముద్రను రాగిముక్క మీద కొట్టి గుంట చేయాలి. ఆ గుంటలో సీసం, తగరం, అంటిమొని కలిపిన కరుగును పొయ్యాలి. ఇది పండితుని పని కాదు, కమ్మరి పని. శ్రీరాంపురం అక్షరశాలకు పునాది వేసిన పంచానన్ కర్మకార్ ఇంటిపేరుకు అర్థమే కమ్మరి. ఆయన తరువాత ఆయన అల్లుడు మనోహర్ ఆ విద్యను కొనసాగించాడు. 1812 మార్చి 11న శ్రీరాంపురం ముద్రణాలయం తగలబడి అనేక భాషల అక్షరాలు కరిగి ముద్దలైనాయి. ఉక్కు ముద్రలు మిగలడంతో మళ్ళీ పోత పోసుకోగలిగారు. కేరీ పేరు ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. పంచానన్ పేరు మన తెలుగు ఎం.ఏ. విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? నేను ఎం.ఏ. చదివినప్పుడు నాకు తెలియదు.

తెలుగుకు సీసం మరొక చిక్కు తెచ్చిపెట్టింది. రోమను లిపికి ఇరవైయారు అక్షరాలు, రెండు తీర్లు చాలు. తెలుగులో గుణింతానికొక దిమ్మ, వత్తుకొక దిమ్మ, తలకట్టు ఉన్నదానికొకటి, లేనిదానికొకటి. కంపోజిటరు ముందు వందలాది గళ్ళ పెట్టెలు. వత్తులు పంక్తికింద వేలాడతాయి గనుక పంక్తికీ పంక్తికీ మధ్య చోటు ఎక్కువ వదలాలి. చోటు అంటే కాగితం. కాగితం అంటే డబ్బు. డబ్బున్న సంస్థానాధీశుని కావ్యం పెద్ద అక్షరాల్లో, విశాలమైన అంచులతో వెలువడుతుంది. పేదవాని పాటల పుస్తకం నలిగిన చిన్న అక్షరాల్లో, వత్తులు విరిగిపోయి, కిందిపంక్తి తలకట్లకు తగులుకొని వెలువడుతుంది. కళ్ళజోడు కొనుక్కోగలిగిన పాఠకునికి పెద్ద అక్షరం, కొనుక్కోలేనివానికి చిన్న అక్షరం! అచ్చుపుటలో వర్గభేదం ఇంత బాహాటంగా ఉండగా మనం దాన్ని కేవలం ‘గెటప్పు’ అని పిలిచి ఊరుకున్నాం.

4

1926లో పప్పూరు రామాచార్యులు అనంతపురంలో ‘శ్రీ సాధన పత్రిక’ను ప్రారంభించారు. ఆ తరువాత విద్వాన్ విశ్వం, తరిమెల నాగిరెడ్డి ప్రభృతులు నవ్య సాహిత్యమాల పేరుతో అభ్యుదయ భావాల పుస్తకాలను ఇక్కడి నుండే ప్రకటించారు. చుక్క నీరు లేని ఊళ్ళో పుస్తకం వెయ్యడమంటే ఏమిటో ఇప్పటి మనం ఊహించలేం. అక్షరాల ఎంపిక అనే మాటకు అప్పుడు అర్థమే వేరు. ఏది అందంగా ఉందన్నది కాదు ప్రశ్న, పెట్టెలో ఏది మిగిలి ఉందన్నది ప్రశ్న. మా పట్టణంలో ఒక పాత కంపోజిటరును ఈ సంగతులు అడిగాను. ఆయన నవ్వి ఇట్లా చెప్పాడు: “ఎలక్షన్లొస్తే మాకు ‘ఓ’ చాలేది కాదు సార్. అందరికీ ‘ఓటు’ కావల్ల గదా. పక్క అచ్చాఫీసు నుంచి ‘ఓ’లు బదులు తెచ్చుకొనేవాళ్ళం.” ఆయన వేళ్ళ కొనలు ఇప్పటికీ నల్లగానే ఉన్నాయి. సీసం దుమ్ము పీల్చి, తలకిందుల అక్షరాలను దీపం వెలుతుర్లో ఏరి ఏరి చూపు పోగొట్టుకున్న వాళ్ళ శ్రమమీద మన అభ్యుదయ సాహిత్యం నిలబడింది. 1952 నాటి కరువులో గంజికేంద్రాల ముందు నిలబడిన జనాన్ని చూసిన తరమే విశ్వం ‘పెన్నేటి పాట’ను 1956లో అచ్చులో చూసింది. ఆ కావ్యాన్ని మనం ఎన్నోసార్లు విమర్శించాం, వ్యాఖ్యానించాం. దాన్ని అక్షరం అక్షరం పేర్చిన చేతులను ఒక్కసారైనా తలచుకున్నామా?

అచ్చుకు వెలుపల మరొక అక్షరం ఉండేది. అదే గోడమీది అక్షరం. జాజు, సున్నం, కుంచె. మన ఉద్యమాల నినాదాలు రాసినవాళ్ళు కళాశాలలో లిపి నేర్చుకోలేదు. దూరం నుండి బస్సులో పోయేవానికి కూడా కనపడాలి, తెల్లవారేలోగా రాత ముగియాలి అనే రెండు నియమాలే వాళ్ళకు గురువులు. అందుకే ఆ అక్షరాలు పెద్దవి, విడివిడిగా ఉండేవి, ఒకే మందం గీతతో నడిచేవి. రచ్చకట్ట మీది రైతు చదవగలిగింది ఆ అక్షరాన్నే. ఆయనకు తెలిసిన లిపి గురువు గోడే!

5

1980ల చివర నుండి సీసం పోయి కంప్యూటరు వచ్చింది. కంపోజిటరు పోయి డి.టి.పి. వచ్చింది. దీన్ని కేవలం ప్రగతి అనడం గాని, కేవలం వినాశం అనడం గాని సరికాదు. వందల గళ్ళ పెట్టెలు ఒక చిన్న మీటల పలకలో ఇమిడిపోయాయి. పల్లె నుండి వచ్చిన కుర్రవాడు ఆరు నెలల్లో పని నేర్చుకొని తాలూకా కేంద్రంలో దుకాణం పెట్టుకోగలిగాడు. కాని అదే సమయంలో కొత్త కరణీకం ఒకటి పుట్టింది. ఎట్లాగంటారా?

కంప్యూటరు అక్షరాన్ని అక్షరంగా ఎరగదు, సంఖ్యగా ఎరుగుతుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్య అనేది అందరూ ఒప్పుకున్న ఒప్పందం కావాలి. భారత ప్రమాణ సంస్థ 1991లో ఇస్కీ ప్రమాణాన్ని ప్రకటించింది. ప్రపంచ భాషలన్నింటికీ ఉద్దేశించిన యూనికోడు అదే సంవత్సరం తెలుగుకు స్థానం కల్పించింది. కాని బజారులో నడిచినవి ఈ ప్రమాణాలు కావు. ఒక్కొక్క సంస్థ తన ఖతికి తానే సొంత సంఖ్యలు కేటాయించుకున్నది. అను ఖతిలో కూర్చిన వ్యాసం శ్రీలిపిలో తెరిస్తే అర్థంకాని గుర్తుల గుంపు. ఒక దినపత్రిక వెబ్ పుట చదవాలంటే ఆ పత్రిక ఖతి ఉండాలి, మరొక పత్రికకు మరొకటి ఉండాలి. పేజీలు కూర్చే పేజ్‌మేకరు యూనికోడును ఎరగదు. దాని చివరి రూపం 2001లో వచ్చి అక్కడే ఆగిపోయింది. మన అచ్చాఫీసులు మాత్రం దానితోనే ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చాయి.

ఫలితం ఏమిటి? రెండు దశాబ్దాలపాటు తెలుగులో కూర్చిన పుస్తకాలు, కరపత్రాలు, పత్రికల సంచికలు ఎన్నో ఆ ప్రత్యేక సంఖ్యల్లో బందీలైనాయి. వాటిని విడిపించడానికి ‘పద్మ’ వంటి మార్పిడి సాధనాలను ఉత్సాహవంతులు ఉచితంగా తయారుచేశారు. ఆ ఖతి పోతే ఆ సాహిత్యం కూడా పోయినట్టే. పాతర వేసి గుర్తు మరచిపోయినట్టు! గొలుసుకట్టు రాతతో కరణం రైతు భూమిని ఎట్లా తన గుప్పిట్లో పెట్టుకున్నాడో, సొంత సంఖ్యలతో వ్యాపారం భాషను అట్లా తన గుప్పిట్లో పెట్టుకున్నది. రైతుకు తన పట్టా చదవరాదు. రచయితకు తన పుస్తకం తెరవరాదు.

మన పల్లెల్లో చెరువు ఉమ్మడిది. దాని పూడిక ఊరంతా కలిసి తీస్తుంది, దాని నీరు వంతులవారీగా పారుతుంది. అక్షరం కూడా అటువంటి ఉమ్మడి ఆస్తి. యూనికోడు రావడమంటే ఆ చెరువుకు మళ్ళీ కట్ట పోసుకోవడమే. 2001లో విండోస్ ఎక్స్‌పితో పాటు గౌతమి ఖతి వచ్చింది. దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఖతులు ఉచితంగా అందరికీ అందాయి. 2011 తరువాత సిలికానాంధ్ర ద్వారా అనేక ఖతులు స్వేచ్ఛా అనుమతితో వెలువడ్డాయి. వాటిలో చాలా వాటిని గీసినవారు గుత్తుల పురుషోత్ కుమార్.

ఈ ఖతుల పేర్లను ఒకసారి చదవండి. శ్రీకృష్ణదేవరాయ. పెద్దన. తిమ్మన. ధూర్జటి. తెనాలి రామకృష్ణ. భువనవిజయమంతా కొలువు తీరింది. గిడుగు, గురజాడ, సురవరం ఉండటం సంతోషమే. మంత్రుల పేర్లూ ఉన్నాయి. కరణీకాన్ని 1984లో రద్దుచేసిన ముఖ్యమంత్రి పేరు మీద ‘ఎన్.టి.ఆర్.’ ఉంది. పంచానన్ పేరుతో ఒక్కటీ నా కంటబడలేదు. కమ్మరి పేరుతోనో, కంపోజిటరు పేరుతోనో, గోడమీద రాసినవాని పేరుతోనో ఒక్క ఖతి కూడా నేను చూడలేదు. రూపశిల్పుల శ్రమను నేను తక్కువ చేయడం లేదు. వాళ్ళు ఉచితంగా ఇచ్చింది అమూల్యమైనదే. కాని పేరు పెట్టే దగ్గరికి వచ్చేసరికి మన ఊహ రాజసభ గడప దాటలేదనేది గమనించవలసిన విషయం. ఆస్థానాలకు దూరంగా ఉండిన పోతన్న, వేమన్నల పేర్లు ముందే ఎంచుకున్న దేశికాచారి అభిరుచి ఈ విషయంలో నాకు నచ్చింది.

ఉమ్మడి ఆస్తి అయినంత మాత్రాన దాని కాపలా మన చేతికి వచ్చిందని అనుకోరాదు. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షర సంపుటి ఒక ప్రత్యేకమైన కూర్పులో సందేశంగా వస్తే ఆపిల్ ఫోన్లు స్తంభించిపోయాయి. కంపెనీ కొద్దిరోజుల్లో సవరణ విడుదల చేసింది. లోకమంతా నవ్వుకున్నది. ‘జ్ఞానం’ అనే మాటలోని మొదటి అక్షరాన్ని ప్రపంచంలో అత్యంత ధనికమైన కంపెనీలలో ఒకటి మోయలేకపోయిందని మనమూ ఛలోక్తులు విసురుకున్నాం. నవ్వు అయిన తరువాత ఆలోచించవలసింది ఒకటి ఉంది. కోట్లమంది మాట్లాడే భాషలోని మామూలు అక్షరాన్ని ముందుగా సరిగా పరీక్షించడం ఎవరికీ అవసరంగా తోచలేదు. మార్కెటుకు మనం ఏ స్థానంలో ఉన్నామో ఆ అక్షరం చెప్పింది.

6

‘ఆకలి తీరని దేశంలో అక్షరాల వంపుసొంపుల చర్చ ఎందుకు? ఇది మధ్యతరగతి విలాసం కాదా?’ అని కొందరు మిత్రులు అడగవచ్చు. ఈ ఆక్షేపణను తోసిపుచ్చను. వంపుసొంపుల చర్చ మాత్రమే అయితే అది విలాసమే. కాని పంట బీమా కాగితంలో ‘అర్థం’ అనే మాటకూ, ‘అర్ధం’ అనే మాటకూ తేడా థకారం కడుపులోని ఒక చుక్క. ఆ చుక్క చిన్న అక్షరంలో సిరా మింగేస్తే అర్థం సగమవుతుంది. ద, ధ, థలకూ, డ, ఢలకూ, ప, ష, ఫలకూ తేడా ఒక చిన్న గీత. ఆ గీత నిలుస్తుందా, పోతుందా అనేది రైతుకు సౌందర్య సమస్య కాదు.

విద్యార్థి మిత్రులు రేపు కరపత్రం వేస్తారు, గోడపత్రిక వేస్తారు, సంచిక తెస్తారు. నా పొరపాటు నుండి నేర్చుకున్న నాలుగు మాటలు వాళ్ళకు మనవి చేస్తాను. మొదటిది, ఖతిని తెరమీద చూసి ఎంచుకోవద్దు. మీరు వాడబోయే చౌక కాగితం మీద, మీకు దొరికే యంత్రంతో, అసలు పరిమాణంలో అచ్చుతీసి చూడండి. సున్న కడుపు పూడిపోతున్నదా, వత్తు విరుగుతున్నదా అప్పుడు తెలుస్తుంది. రెండవది, ఒకదాన్నొకటి పోలిన అక్షరాలను, క్లిష్టమైన సంయుక్తాలను ఒక కాగితం మీద కూర్చి, కొత్తగా చదువు నేర్చినవారిచేత చదివించండి. ప్రొఫెసరు మెప్పు ప్రమాణం కాదు, వాళ్ళ తడబాటే ప్రమాణం. మూడవది, శీర్షికకు రామభద్ర వంటి లావు అక్షరం నప్పుతుంది, కాని దానితో పేజీ అంతా నింపితే అది గొంతు చించుకొని అరవడమే. మండలి వంటి నిలకడైన రూపాన్ని పాఠ్యానికి వాడి, పంక్తుల మధ్య వత్తులకు ఊపిరాడనివ్వండి. కాగితం పొదుపు చేయదలిస్తే అక్షరాలను నొక్కకండి, మాటలు తగ్గించుకోండి. నాలుగవది, యూనికోడులో లేని ఖతిలో మీ రచనను దాచుకోవద్దు. ఉమ్మడి చెరువు ఉండగా పరుల బావికి తాడు కొనుక్కోవడం దేనికి?

ఈ చివరి మాటలు ముందుగా మాకే వర్తిస్తాయి. అభ్యుదయ ప్రచురణలని చెప్పుకొనే పుస్తకాల్లో ఎన్నింటిలో అక్షరం చీమల బారు మాదిరిగా లేదు? ప్రజల కోసం రాశామంటూ, అధ్యాపకుల కళ్ళజోళ్ళ కోసం అచ్చువేసుకున్నాం. ఆ తప్పులో నా వాటా నేను ఒప్పుకున్నాను.

మా చిన్న పుస్తకాన్ని మళ్ళీ కూర్చాం. పదహారు పేజీలు ఇరవై నాలుగైనాయి. ఖర్చు పెరిగింది. విద్యార్థులు చందాలు పోగుచేశారు. మళ్ళీ ఆ పల్లెకు పోయాను. ఆ పెద్దరైతు ఈసారి పుస్తకాన్ని మోకాటి మీద పెట్టుకొని, వేలు పంక్తి వెంబడి జరుపుకుంటూ, పెదవులు కదుపుతూ మొదటి నాలుగు పేజీలు చదివాడు. చుట్టూ మరో ఐదారుమంది చేరారు. ఆయన ఒక వాక్యం దగ్గర ఆగి, గట్టిగా చదివి, తల ఎత్తి నన్ను అడిగాడు:

“అచ్చు బాగుంది సార్. అంతా తెలిసింది. దుడ్లు పడేకి ఇన్ని దినాలని ఈడ రాసినారు గదా, మరి మాకు పోయినేటివి ఇంకా ఎందుకు పడలేదు?”

నా దగ్గర జవాబు లేదు. చుట్టూ చేరినవాళ్ళు కూడా అదే పేజీ తెరిచి, అదే వాక్యం మీద వేళ్ళు పెట్టి, నావైపు చూస్తున్నారు. ఆ తరువాతి సోమవారం వాళ్ళు ఆ పుస్తకం తీసుకొనే కచేరీకి పోయారు.